కోరప్ప పద్ధతిగా తినాలనుకున్న రోజు

గొర్రెకు బుద్ధి లేదని లోకం ఎప్పుడో తీర్మానించేసింది. కసాయివాణ్ణే నమ్ముతుందట. ఒకటి గోతిలో పడితే వెనకవన్నీ వరసగా పడతాయట. ఈ మాటలు పుట్టించిన మహానుభావులు ఎర్రబండల గట్టు మీద మేసే బొల్లక్కను ఒక్కసారి చూసి ఉంటే బాగుండేది. సగం సామెతలు మింగేసుకుని ఇంటికి పోయేవాళ్లు.

బొల్లక్క కురుబ బీరన్న మందలోని గొర్రె. నాలుగు ఈతలు ఈనింది. మొహం మీద తెల్లమచ్చ ఉండబట్టి బొల్లి అయింది, వయసు మీద పడేసరికి మందలోని కుర్రకారు పేరుకు అక్కను తగిలించారు. మొదటి మూడు ఈతల పిల్లలూ సంత లారీ ఎక్కి వెళ్లిపోయాయి. లారీ ఎక్కినవాళ్లు ఏమయ్యారని మందలో ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. నాలుగోవాడు చుక్కడు, నుదుట నల్లచుక్క ఉంటుంది. వాడికి ఇంకా నెల నిండలేదు. వీణ్ణొక్కణ్ణయినా నా కళ్ల ముందు పెరగనివ్వు తల్లీ అని బొల్లక్క గట్టు మీది బండమ్మ తల్లికి రోజూ మొక్కుకునేది. బండమ్మకు గుడీ గోపురం లేవు. పసుపు రాసిన బండ, దాని మీద నాలుగు వేపమండలు, అంతే. ఏడాదికొకసారి మాత్రం జాతర ఘనంగా జరుగుతుంది.

ఆ రోజు తొలకరి పడి రెండు రోజులైంది. గట్టంతా పచ్చగా నూగు పట్టినట్టు గడ్డి లేచింది. కొత్త గడ్డి రుచి మరిగి మంద ముందుకు ముందుకు పోతోంది. చుక్కడు మాత్రం మూడు కాళ్ల మీద కుంటుతూ ఆగిపోయాడు. చూస్తే గిట్టల మధ్య పల్లేరుకాయ దిగి ఉంది. బొల్లక్క ఒకసారి మంద వైపు చూసింది, ఒకసారి పిల్ల వైపు చూసింది. మంద ఎటు పోతే అటు పోవడం గొర్రె ధర్మం. ఆ పూట బొల్లక్క ధర్మం తప్పి పిల్ల దగ్గర నిలబడిపోయింది. మంద గట్టు దాటి అవతలికి దిగిపోయింది. బీరన్న, ఆయన రెండు కుక్కలు కూడా దాంతోపాటే పోయారు.

పెదవులతో పట్టి పట్టి ఆ ముల్లును ఊడబీకి తలెత్తేసరికి ఎదురుగా కోరప్ప ఉన్నాడు. కోరప్ప వెనకాల, ఎప్పుడూ ఉండేంత దూరంలోనే, తిప్పయ్య ఉన్నాడు.

కోరప్ప అంటే ఆ గట్టుకంతా ఒకడే తోడేలు. బలానికి లోటు లేదు గానీ, పాపం, బుర్ర దగ్గర దేవుడు కాస్త చెయ్యి బిగబట్టాడు. తిప్పయ్య నక్క. పెద్దరోడ్డు పక్కన మాంసం భోజనం పెట్టే మిలిటరీ హోటల్ వెనకాల ఎముకలు ఏరుకుని పెరిగినవాడు. ఆ హోటల్లో టీవీ ఉండేది. అందులో పొద్దస్తమానం వంటల కార్యక్రమాలు. కిటికీ కింద కూర్చుని తిప్పయ్య లోకంలోని వంటలన్నీ విన్నాడు. తిన్నది మాత్రం ఎముకలే. విన్నదాన్ని తిన్నట్టు చెప్పే విద్య ఒంటబట్టాక, కోరప్ప దగ్గర మంత్రిగా చేరిపోయాడు. జీతం ఏమంటే, కోరప్ప తినగా మిగిలిన తలకాయ.

కిందటి నెల కోరప్ప వడదెబ్బకు పడిపోయిన ముసలి గొర్రెను తిని గట్టంతా చూస్తుండగా నాలుగు రోజులు కడుపు పట్టుకుని పొదల వెంట తిరిగాడు. అప్పుడు తిప్పయ్య ఓదార్చకపోగా ఎత్తిపొడిచాడు. నీ కడుపు తప్పు కాదన్నా, నీ పద్ధతి తప్పు, లోకంలో గొర్రెమాంసం నీలా తినేవాడు ఎవడూ లేడు అన్నాడు. అప్పటినుంచి రోజుకో దేశం కథ. వింటున్నకొద్దీ కోరప్పకు తన తిండి మీద తనకే అసహ్యం పుట్టుకొచ్చింది. తింటే నలుగురిలా తినాలి, లేకపోతే మానుకోవాలి అన్నంత దాకా వచ్చాడు. మానుకోవడం ఎటూ కుదరదు కాబట్టి పద్ధతి ఒకటే మిగిలింది.

సరే, కోరప్ప వచ్చీ రాగానే చుక్కడి వీపు మీద పంజా వేశాడు. కొమ్ములు లేని గొర్రె తోడేలుతో ఏం పోట్లాడుతుంది? అరిచినా గట్టు అవతల ఉన్న బీరన్నకు వినబడదు. ముగ్గురు పిల్లలు పోయిన కడుపు, నాలుగోది కళ్ల ముందే పోతోందనేసరికి లోపల భగ్గుమంది. అయినా నోరు మూసుకుని చూస్తూ నిలబడింది. ఏడిస్తే పిల్ల దక్కదని దానికి తెలుసు.

కోరప్ప నోరు తెరిచాడు. వెనక నుంచి తిప్పయ్య గొంతు సవరించుకున్నాడు.

"అన్నా, అట్లనే కొరికేస్తావా? నేను ఇన్ని రోజులు చెప్పిందంతా బండ మీద వాననా?"

కోరప్ప నోరు మూసుకున్నాడు. తిప్పయ్య మళ్లీ మొదలుపెట్టాడు. అరబ్బుల దేశంలో అయితే లేత పిల్లను నిలువునా కాల్చి, ఇంత పెద్ద తాంబాళంలో అన్నం పోసి, దాని మీద కూర్చోబెడతారట. చుట్టూ పదిమంది కూర్చుని ఒకే పళ్లెంలో కుడిచేత్తో తింటారట. మంగోలుల దేశంలో ఎర్రగా కాలిన గులకరాళ్లను మాంసంతో కలిపి పాత్రలో వేసి మూత బిగిస్తారట. తినేముందు ఆ వేడిరాళ్లను అరచేతుల్లో అటూ ఇటూ మార్చుకుంటే ఒళ్లునొప్పులు పోతాయట. తెల్లదొరలు పుదీనా పచ్చడి లేనిదే ముక్క ముట్టరట. గ్రీసు దేశంలో వసంతకాలం పండక్కి పిల్లను ఊచకు గుచ్చి, ఇంటిల్లిపాదీ వంతులవారీగా తిప్పుతారట. మన హైదరాబాదులో ఉపవాసాల నెలలో గోధుమలూ మాంసమూ కలిపి, ఏది ఏదో తెలియకుండా పోయేదాకా గంటల తరబడి మెదుపుతారట. అంతెందుకు, మిలిటరీ హోటల్లో లారీ డ్రైవరు కూడా రాగిసంగటి ముద్దలో గుంట చేసి, అందులో పొట్టేలు పులుసు పోయించుకుని తింటాడు.

"యాడైనా సరే, ఎవడైనా సరే, ఒక పద్ధతి ఉండాది" అని ముగించాడు తిప్పయ్య.

వింటుంటే బొల్లక్కకు లారీ ఎక్కిన ముగ్గురూ ఏ పద్ధతిలో పోయారోనన్న ఆలోచన వచ్చింది, దాన్ని అక్కడికక్కడే తొక్కేసింది. ఇది ఏడ్చే సమయం కాదు. అయితే ఒక సంగతి మాత్రం దాని కంటపడింది. తిప్పయ్య ఒక్కో దేశం పేరు చెబుతుంటే కోరప్ప తల ఒక్కో అంగుళం దిగిపోతోంది. ఇంతలావు తోడేలు, పెళ్లిలో ఎడమచేత్తో తిని దొరికిపోయినవాడిలా సిగ్గుపడుతున్నాడు.

కోరప్ప ఇంకో మాట అడిగాడు. మనుషులు పిల్లలకు చెప్పుకునే కథల్లో మన సంగతి ఎట్లుంటుంది అని. దానికి తిప్పయ్య నాన్చాడు. గొర్రెపిల్ల సంగతి చెప్పడం తేలిక, అది ఏ దేశం కథలో అడుగుపెట్టినా చివరికి ఎవడో ఒకడి నోట్లో పడాల్సిందే అన్నాడు. తోడేలు సంగతి మళ్లీ మళ్లీ అడిగితే, మొరటుదని రాస్తారన్నా, కనబడితే చాలు కరిచేస్తుందని రాస్తారు అని గొణిగాడు. ఆ మాట కోరప్పకు ఎక్కడో తగిలింది.

బొల్లక్క అప్పుడు నోరు విప్పింది. "కథ చెప్పేవాడి పొయ్యి మీద కూర ఉడుకుతా ఉంటే కథలో గొర్రెపిల్ల ఎట్ల బతుకుతాది మామా? మా రాత అంతే, పోనీలే. కోరప్పన్న పేరు చెడగొట్టినారే, అది కష్టంగా ఉండాది నాకు."

కోరప్ప పంజా కొంచెం సడలింది. జీవితంలో గొర్రె తన తరఫున మాట్లాడటం అదే మొదలు.

"తిప్పయ్య మామ దేశాలన్నీ తిప్పినాడు" అంది బొల్లక్క. "మన గట్టు పద్ధతి ఒకటి ఉండాది గదా, దాన్ని మాత్రం చెప్పలేదే. ఊరుకాని ఊరి పద్ధతికి నిప్పు కావాల, అన్నం కావాల, పుదీనా కావాల. ఇక్కడిదానికి ఉత్త నీళ్లు చాలు. ఏటేటా జాతరలో పొదచాటున కూచుని నువ్వు చూసేదే."

కోరప్ప చెవులు నిక్కబొడుచుకున్నాయి. నిజమే, చూశాడు. జాతరలో పొట్టేలును బండమ్మ ముందు నిలబెట్టి పసుపునీళ్లు చల్లుతారు. తప్పెట ఆగిపోతుంది. వెయ్యిమంది ఊపిరి బిగబట్టి నిలబడతారు. పొట్టేలు తలనుంచి తోకదాకా ఒళ్లు విదిలించాలి. విదిలిస్తే తల్లి ఒప్పుకున్నట్టు, అప్పుడే కత్తి లేస్తుంది. విదిలించకపోతే ఎంతటి మొనగాడూ కత్తి ఎత్తడు. ఒక ఏడాది ఒక పొట్టేలు ఎన్ని నీళ్లు చల్లినా బిగుసుకుని నిలబడిపోతే, తల్లికి ఇష్టం లేదని దాన్ని విడిచిపెట్టేశారు. అది ఇప్పటికీ ఊళ్లో ఎవరి చేను పడితే వాళ్ల చేను మేస్తూ తిరుగుతోంది. ఎవరూ ఏమీ అనరు.

"తల్లి గట్టు మీద ఉంటా, తల్లిని అడగకుండా తింటాండావు" అంది బొల్లక్క మెల్లగా. "కడుపు పట్టుకుని తిరిగినావంటే తిరగవా?"

ఆ దెబ్బతో కోరప్ప పంజా పూర్తిగా తీసేశాడు. తిప్పయ్య అతన్ని పక్కకు పిలిచి నవ్వాడు. ఇదంతా మనుషుల భ్రమ అన్నా, చెవిలో నీళ్లు పడితే ఎవడైనా విదిలిస్తాడు, అందులో తల్లీ లేదు పిల్లా లేదు, నాకయితే ఇట్లాంటి నమ్మకాల్లేవు అన్నాడు. అయినా నీ సరదా ఎందుకు కాదనాలి, నెల పిల్లోడు, ఒక్క చుక్కకే విదిలించేస్తాడు, కానివ్వు అని కూడా అన్నాడు. అతనికి కావలసింది తలకాయ. అది అయిదు నిమిషాలు ఆలస్యమైతే పోయేదేమీ లేదు.

పది అడుగుల దూరంలో, బండమ్మ పసుపుబండ పక్కనే, దొన ఉంది. బండల మధ్య వాననీళ్లు నిలిచే గుంతను అక్కడ దొన అంటారు. తొలకరికి నిండి ఉంది. నీళ్లు తెమ్మంటే తిప్పయ్య తనకు కాలు బెణికిందన్నాడు. కోరప్పే పోయి నోటినిండా నీళ్లు పుక్కిట పట్టుకొచ్చి చుక్కడి మీద ఊయబోయాడు. బొల్లక్క అడ్డం పడింది. ఎంగిలి నీళ్లతో తల్లి పని చేస్తారా, ఇంకా ఏమన్నా ఉందా అని బుగ్గలు నొక్కుకున్నంత పని చేసింది. కోరప్ప గుటుక్కున నీళ్లు మింగేసి, తప్పయిందని పసుపుబండ వైపు చేతులు జోడించినట్టు తల వంచాడు. చెంబు లేదు, చెయ్యి లేదు, నోరు పనికిరాదు. ఇంక మిగిలింది ఒళ్లే. నీళ్లలో మునిగి, ఆ తడి ఒంటితో వచ్చి పిల్ల మీద కార్చమంది బొల్లక్క.

కోరప్ప మునగడానికి పోయిన ఆ కాస్త సమయంలో అది చుక్కణ్ణి పొదుగు కిందికి లాక్కుంది.

"నాయనా, పాలు తాగు. పైన ఏం పడినా తలకాయ తిప్పొద్దు, ఒళ్లు కదపొద్దు. ఆట కాదు ఇది."

చుక్కడికి సంగతి ఏమీ అర్థం కాలేదు. పాలు తాగమంటే మాత్రం బాగా అర్థమైంది. కోరప్ప వచ్చి తడి తోక పిల్ల మీదికి చాచాడు. నీళ్లు వీపు మీద పడ్డాయి. చుక్కడు తాగుతూనే ఉన్నాడు, సంతోషానికి తోక మాత్రం టపటపా ఆడించాడు. అదిగో విదిలించాడని తిప్పయ్య ముందుకొచ్చాడు. తోకది ఏం లెక్క మామా, జాతరలో తోక ఆడించినందుకు కత్తి ఎత్తినారా ఎప్పుడైనా అంది బొల్లక్క. కోరప్ప ఆలోచించి, లేదు, ఒళ్లంతా కదలాల అని తీర్పు చెప్పాడు. మంత్రి కంటే ఇప్పుడు అతనికే పట్టుదల ఎక్కువైంది. చేస్తే పద్ధతి ప్రకారం చెయ్యాలి.

రెండోసారి నీళ్లు సరిగ్గా చెవి మీద పడ్డాయి. చుక్కడి చర్మం చెంప దగ్గర వణికింది, మెడదాకా పాకింది. పాలు వదిలేసి తల పైకెత్తాడు. బొల్లక్క గబుక్కున గడ్డం వాడి మెడ మీద ఆనించి, నాలుకతో ఆ చెవిలోని నీళ్లు నాకేసింది. వణుకు అక్కడికక్కడే ఆగింది. వాడు మళ్లీ పొదుగులో మూతి పెట్టాడు. తల్లి పిల్లను నాకితే తప్పని ఏ జాతరలోనూ లేదు కాబట్టి కోరప్ప ఏమీ అనలేకపోయాడు.

ఎన్ని మాటలు చెప్పినా ఇది ఎంతోసేపు సాగదని బొల్లక్కకు తెలుసు. పొదుగులో పాలు అయిపోవస్తున్నాయి. పాలు ఆగితే వాడు ఆడుకోవడం మొదలుపెడతాడు, ఆడుకుంటే విదిలిస్తాడు. ఈసారి బాగా మునుగు అన్నా, చెవులదాకా మునుగు, తల్లికి కొంచెం కొంచెం నీళ్లు చాలవేమో అని కోరప్పకు చెప్పింది.

కోరప్ప చెవులదాకా మునిగాడు. తల కూడా ముంచాడు. ఒళ్లంతా కారుతూ, నీళ్లు పోకుండా అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చి చుక్కడి పక్కన నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడు తొలకరి గాలి ఒకటి చల్లగా గట్టు మీదుగా వీచింది. కోరప్ప ఎడమచెవిలో నీళ్లు గుడగుడలాడాయి. అతనికి తెలియకుండానే ముక్కు దగ్గర మొదలై, తల, మెడ, డొక్కలు, నడుం, తోక కొసదాకా ఒళ్లు బ్రహ్మాండంగా విదిలించేశాడు. దూరంగా కూర్చున్న తిప్పయ్య మొహం మీద కూడా నీళ్లు పడ్డాయి.



బొల్లక్క పసుపుబండ వైపు తిరిగి తల వంచింది. "తల్లి ఒప్పుకునింది" అంది.

కోరప్ప గబుక్కున మంత్రి వైపు తిరిగాడు. "తిప్పయ్యా, ఇది లెక్కలోకి రాదు గదా? నీళ్లు చల్లింది నేను. నేనెట్ల అవుతా?"

తిప్పయ్య మొహం తుడుచుకుంటూ లెక్క వేశాడు. కోరప్ప ఉంటే తలకాయ ఒక్కటే వస్తుంది. కోరప్ప లేకపోతే పిల్ల మొత్తం తనది. మంత్రి పదవి ఎన్నాళ్లని చేస్తాడు?

"పద్ధతి పద్ధతే అన్నా" అన్నాడు బాధగా మొహం పెట్టి. "అరబ్బుల దేశంలో అయినా ఇంతే."

"అన్నా, నువ్వు ఇన్ని జాతరలు చూసినావు" అంది బొల్లక్క. "ఒళ్లు విదిలించినాక బతికినోణ్ణి ఒక్కణ్ణి చూసినావా?"

కోరప్ప ఆలోచించాడు. ఆలోచించడం అతనికి అలవాటు లేని పని, అయినా చేశాడు. ఒక్కడూ గుర్తు రాలేదు. సరిగ్గా ఆ సమయానికి గట్టు అవతల, తప్పిపోయిన గొర్రె కోసం బీరన్న వేసిన కేక వినబడింది. కోరప్ప చెవులకు అది కత్తి పట్టుకున్నవాడి కేకలాగే వినబడింది. ఇంకో మాట లేదు. తోక కాళ్ల మధ్య ఇరికించుకుని రాళ్లు దొర్లించుకుంటూ పడమర దిక్కుకు పరుగెత్తాడు. కర్ణాటక పొలిమేర దాటాక గానీ ఆగలేదని తర్వాత కాకులు చెప్పుకున్నాయి.

తిప్పయ్య తీరిగ్గా లేచాడు. బెణికిన కాలు బాగైపోయింది.

"భలే ఆడించినావు అక్కా, మెచ్చుకోవాల్సిందే. ఆ మొద్దు నమ్మినాడు. నాకు మాత్రం తల్లి లేదు, తప్పెట లేదు. నిప్పు లేకపోయినా తింటా, పుదీనా లేకపోయినా తింటా."

అంటూ దొన గట్టు మీదుగా చుట్టు తిరిగి చుక్కడి వైపు వచ్చాడు. తోడేలు ముందు బొల్లక్క ఎంత ఓర్చుకుందో, నక్కను చూసేసరికి అదంతా ఒక్కసారి తెగిపోయింది. తోడేలుతో పోట్లాడలేదు, అది నిజమే. ఎముకలు ఏరుకుని పెరిగిన నక్క ఎంతలే. నాలుగడుగులు వెనక్కి వేసి, తల దించి, లారీ ఎక్కిన ముగ్గురు పిల్లలనూ తలుచుకుని కుమ్మింది. తిప్పయ్య గాల్లోనే తలకిందులై దొనలో బుడుంగుమన్నాడు.

నీళ్లు మింగి, పాచిబండల మీద జారి, పడుతూ లేస్తూ గట్టెక్కాడు. చెవుల నిండా నీళ్లు. మెడ దగ్గర వెంట్రుకలు అప్పుడే నిక్కుకుంటున్నాయి, ఒళ్లు విదిలించడానికి సిద్ధంగా ఒక భుజం కదిలింది కూడా.

బొల్లక్క పసుపుబండ ముందు నుంచి పక్కకు తప్పుకుంది.

"విదిలించుకో మామా. నీకు నమ్మకాల్లేవు గదా."

తిప్పయ్య భుజం ఆగిపోయింది. ఒకసారి బండమ్మను చూశాడు. ఒకసారి కోరప్ప పరుగెత్తిన దారి చూశాడు. చెవిలో నీళ్లు గిలిగింతలు పెడుతున్నాయి, వెన్నెముక దురదపెడుతోంది, కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. పళ్లు బిగబట్టాడు, తోక బిగబట్టాడు, విదిలించలేదు. గట్టు మీద బీరన్న కుక్కలు కనబడ్డాయి. పరుగెత్తితే ఒళ్లు ఎక్కడ కదులుతుందోనని, పెళ్లికొడుకులా నిటారుగా, కర్రకాళ్లతో చకచకా నడుచుకుంటూ పొదల్లోకి పోయాడు. సాయంత్రం దాకా ఒక బండ మీద ఎండకు నిలబడి, తుమ్మొస్తే అది కూడా మింగుకుంటూ ఆరబెట్టుకున్నాడు.

ఒళ్లు పొడిగా ఉన్నంతసేపు, నమ్మకాల్లేవని ఎవడైనా అంటాడు.